కుండీలో పూసింది హిమాలయాల బ్రహ్మకమలం కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ బెంగళూరు పేజీలో ఒక ఫొటో చూశాను. కె.ఆర్.పురం దగ్గర ఒక మేడ మీద కుండీలో ఒకే రాత్రి తొమ్మిది పూలు విచ్చుకున్నాయని, వీధిలో వాళ్లంతా వచ్చి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చారని రాశారు. చదివి సంతోషమేసింది. ఒక పువ్వు చూడటానికి పదిమంది నిద్ర మానుకుని మేడెక్కారంటే ఈ ఊళ్లో అది చిన్న సంగతి కాదు. కానీ ఫొటో కింద 'హిమాలయాల్లో మాత్రమే పూసే అరుదైన బ్రహ్మకమలం' అని వేశారు చూడండి, అది తప్పు. వానలు మొదలైతే చాలు, ఏటా ఇదే మాట ఏదో ఒక పేపర్లోనో టీవీలోనో వస్తూనే ఉంటుంది. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. పోయిన ఆగస్టులో అసలు బ్రహ్మకమలాన్ని దాని కొండ మీద, దాని చలిలో చూసి వచ్చాక మాత్రం ఊరుకోబుద్ధి కావడం లేదు. ఉత్తరం కాస్త పొడుగైంది, కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను.

నేను హిందూపురం వైపు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు రామమూర్తి నగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మీరు ఫొటో వేసిన మొక్క మా బాల్కనీలోనూ ఉంది. పక్కింటావిడ ఒక ఆకు ఇస్తే మట్టిలో గుచ్చాను, అంతే, బతికేసింది. నిజానికి అది ఆకు కూడా కాదు, ఆకులా బల్లపరుపుగా మారిన కాండం, అందుకే దాని అంచునుంచే మొగ్గ వస్తుంది. ఈ మొక్క నాగజెముడు కుటుంబానికి చెందినది, పుట్టిల్లు మెక్సికో, దాని దక్షిణాన ఉన్న మధ్య అమెరికా అడవులు. మన అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో ఇప్పుడు డ్రాగన్ ఫ్రూట్ వేస్తున్న రైతులకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ పువ్వూ ఈ పువ్వూ దగ్గరి చుట్టాలు, రెండూ తెల్లగా, పెద్దగా, రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతాయి. రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగుల కోసం ఆ వాసన, ఆ తెలుపు. ఎంత అందమైనదైనా అది హిమాలయాల పువ్వు మాత్రం కాదు, అక్కడి మంచులో ఒక్క చలికాలం కూడా బతకదు.

మరి అసలుది ఎలా ఉంటుంది? నేను చూసినది చూసినట్టు చెబుతాను.

మేం వెళ్లింది ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాకి, పూల లోయ చూడాలని. 1982లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. హరిద్వార్‌లో పొద్దున జీపెక్కితే జోషీమఠ్ చేరేసరికి చీకటి పడింది, దారిలో రెండుచోట్ల కొండ చరియలు విరిగి రోడ్డు ఆగింది, వానాకాలంలో అటు వెళ్లేవాళ్లు ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకునే వెళ్లాలి. మర్నాడు గోవింద్‌ఘాట్, అక్కడినుంచి పుల్నా దాకా జీపు, ఆ తర్వాత దాదాపు పది కిలోమీటర్లు నడక, అంతా ఎక్కుడే. సాయంత్రానికి ఘాంఘరియా. అది 3,050 మీటర్ల ఎత్తు. మన బెంగళూరు దగ్గరి నందికొండ 1,478 మీటర్లు, అంటే దానికి రెట్టింపు ఎత్తులో ఆ రాత్రి పడుకున్నామన్నమాట. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరు డిగ్రీలకు పైగా చలి పెరుగుతుందని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను, ఆ రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్లు వెచ్చబడకపోతే అప్పుడు తెలిసింది.

లోయలోకి పొద్దున్నే వదులుతారు, సాయంత్రానికి తిరిగి వచ్చేయాలి. లోపల టెంట్లు వేయడానికి లేదు, కంచర గాడిదల్ని రానివ్వరు. భోజపత్ర చెట్ల మధ్యనుంచి దారి పోతుంది. పూర్వం తాళపత్రాలు దొరకనిచోట రాసుకున్న భూర్జపత్రం ఇదే, బెరడు పొరలు పొరలుగా కాగితంలా లేచి ఉంటుంది. ఆ చెట్లు దాటితే ఇక పెద్ద చెట్లుండవు. అంతకు పైన చలికి, గాలికి చెట్టు నిలవలేదు, మొక్కలన్నీ నేలకి దగ్గరగా, మోకాళ్ల ఎత్తులో బతుకుతాయి. ఆ చెట్ల గీత దాటాక వచ్చేదే ఆల్పైన్ మేఖల. అక్కడ ఏడాదిలో సగానికి పైగా నేల మంచు కిందే ఉంటుంది. మిగిలిన మూడు నాలుగు నెలల్లోనే మొలవాలి, పూయాలి, తేనెటీగనో ఈగనో పిలవాలి, గింజ కట్టాలి, మళ్లీ మంచు పడేలోగా వేళ్లలో తిండి దాచుకోవాలి. అందుకే అన్నీ ఒకేసారి పూస్తాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాతోపాటు మారతహళ్లి నుంచి వచ్చిన ఐదారుగురు తెలుగు పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు, లోయలోకి అడుగుపెట్టిన పావుగంటకే 'ఆంటీ, పూల లోయ అన్నారు, పూలేవీ?' అన్నారు. వాళ్ల తప్పేం లేదు. ఫోన్లలో చూసిన ఫొటోల్లో కొండంతా గులాబీ రంగు తివాచీలా ఉంటుంది. మనం లాల్‌బాగ్‌లో ఆగస్టు 15కి, జనవరి 26కి పెట్టే పూల ప్రదర్శన చూసి పెరిగినవాళ్లం, గాజు గదిలో లక్షల పూలు గోపురంలా పేర్చి మన కళ్ల ముందు పెడతారు, మనం వరసలో నడుచుకుంటూ చూసి వచ్చేస్తాం. అక్కడలా ఉండదు. దూరంనుంచి చూస్తే పచ్చగా, అక్కడక్కడా రంగు మరకలా ఉంటుంది, పైగా పొగమంచు. నేను ఆ పిల్లల్ని 'ఒక్క పది నిమిషాలు ఇక్కడే కూర్చోండి నాయనా, నడవకండి' అన్నాను. కూర్చున్నారు. ముందు ఒక పిల్లకి కాలి పక్కన బొటనవేలు గోరంత పసుపు పువ్వు కనిపించింది, తర్వాత దాని వెనక ఊదాది, దాని పక్కన తెల్లవి గుత్తిగా, అలా ఒకరు చూపిస్తే ఇంకొకరు. అరగంటలో ఆ కాస్త చోటే ఇరవై రకాలు లెక్కపెట్టారు. తర్వాత వాళ్లని లేపడమే కష్టమైంది.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అక్కడ కనిపించే ప్రతి పువ్వుకీ మన ఇళ్లలో, మన పొలాల్లో ఒక చుట్టం ఉంది. ఆ గులాబీ రంగు గుంపులన్నీ బాల్సమ్, మన పెరట్లో పెంచుకునేదాని అక్క, దీనికీ కాయ ముదిరాక ముట్టుకుంటే టప్పున పేలి గింజలు చిమ్ముతుంది. పడగ విప్పిన పాములా ఒక పువ్వుంటుంది, కోబ్రా లిల్లీ అంటారు, అది మన కంద, చేమల కుటుంబం, చేమపువ్వు చూసినవాళ్లెవరైనా ఇట్టే గుర్తుపడతారు. ఇక నీలి పాపీ! అది లోయలో కన్నా, ఘాంఘరియా పైన సిక్కులు యాత్రకు వెళ్లే హేమకుండ్ సరస్సు దారిలో, బండల సందుల్లో కనిపించింది. సాయంత్రం ఆకాశం రంగు, పలచటి రేకులు, మధ్యలో పసుపు కేసరాలు, కాండం నిండా ముళ్లు. గసగసాల కుటుంబం. మన రాయలసీమ రోడ్ల పక్కన పసుపు పూలు పూసే ముళ్ల బ్రహ్మదండి కూడా ఆ కుటుంబమే. ఆ ముళ్లు చూడగానే చిన్నప్పుడు బడికి పోయే దారి గుర్తొచ్చింది, అంత ఎత్తున, అంత చలిలో.

లోయలో ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడది. 1939లో ఇంగ్లండ్ నుంచి మొక్కలు సేకరించడానికి వచ్చి, బండ మీద కాలు జారి అక్కడే చనిపోయింది. తర్వాత ఆమె చెల్లెలో అక్కో వచ్చి రాయి వేయించింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1931లో, హిమాలయాల్లోని కామెట్ అనే శిఖరం ఎక్కి దిగుతున్న బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం దారి మళ్లి ఈ లోయలోకి వచ్చింది, ఈ పేరు పెట్టిందీ ఆయనే. లోయని ఆయనే కనిపెట్టాడని చాలామంది రాస్తారు, మీ పేపర్లోనూ ఒకసారి చదివాను. అది నాకు ఒప్పుదల కాదు. భ్యూండార్ ఊరి గొర్రెల కాపరులు తరతరాలుగా ఎండాకాలం మందల్ని అక్కడికే తోలుకెళ్లేవాళ్లు. పార్కు అయ్యాక మేత ఆపేశారు. మేత ఆగాక మనిషెత్తు పెరిగే పాలిగోనమ్ అనే మొక్క విపరీతంగా అల్లుకుని చిన్న పూలమొక్కల్ని కప్పేస్తోందని, అటవీశాఖ వాళ్లు ఏటా దాన్ని పీకిస్తారని మా గైడ్ చూపించాడు. మేత ఉంటేనే నయమా, లేకపోతేనే నయమా అన్నదాని మీద శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు.

రెండో రోజు హేమకుండ్. ఘాంఘరియా నుంచి ఆరు కిలోమీటర్లు, కానీ నిటారు. 4,300 మీటర్లకు పైనే ఉంటుంది ఆ సరస్సు. చివర్లో వెయ్యికి పైగా మెట్లు, ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకున్నాను, నా వయసు అరవై ఒకటి. ఆ మెట్ల పక్కన, బండల మధ్య, చినుకుల్లో, నాకు బ్రహ్మకమలం కనిపించింది.

ముందు గుర్తుపట్టలేదు. మోకాలి దాకా కూడా రాని మొక్క. పైన లేత ఆకుపచ్చా కాదు, పసుపూ కాదు, పాలు కలిపినట్టుండే పలచటి రేకులు దోసిలి పట్టినట్టు మూసుకుని ఉన్నాయి. అవి రేకులు కావు. మన గోడల మీది కాగితంపూలలో రంగురంగులుగా కనిపించేవి ఎలా రేకులు కావో, ఇవీ అలాగే, పువ్వుని కప్పే ఆకుల్లాంటివి. అసలు పూలు ఆ దోసిలి లోపల, ముదురు ఊదారంగులో, చిన్న చిన్న గుత్తిగా ఉంటాయి. కమలం కుటుంబం కాదు, బంతి, చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబం. ఆ పలచటి పొరలోంచి వెలుతురు లోపలికి పోతుంది, చలిగాలి పోదు, వాన పోదు. లోపల వెచ్చగా ఉంటుంది, గింజ కట్టడానికి ఆ వెచ్చదనం కావాలి. అంటే అది తనకు తానే కట్టుకున్న చిన్న గాజు గది. వంగి చూస్తే ఘాటైన వాసన వచ్చింది. అప్పుడు సమయం పొద్దున పదకొండు. అర్ధరాత్రి కాదు, ఒక్క రాత్రికి వాడిపోయేదీ కాదు. నేను అక్కడ మెట్టు మీద కూర్చుండిపోయాను. నా కూతురు ఊపిరి అందడం లేదేమోనని టెన్షన్ పడింది, నిజానికి నాకు ఏడుపొచ్చింది.

పైన గురుద్వారాలో వేడి వేడి కిచిడీ, టీ పెట్టారు, ఎవరు ఏమిటని అడగరు, అందరికీ పెడతారు. రాత్రి ఉండనివ్వరు కాబట్టి మధ్యాహ్నానికే దిగడం మొదలుపెట్టాం.

దిగేటప్పుడు జరిగిందే ఈ ఉత్తరానికి అసలు కారణం. మా ముందు ఒక తెలుగు కుటుంబం దిగుతోంది, నలుగురు. ఆవిడ చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో మూడు బ్రహ్మకమలాలు, వేళ్లతో సహా ఒకటి. 'ఎందుకమ్మా కోశారు?' అని అడిగాను. 'మా అత్తగారు తెమ్మన్నారండీ, పూజలో పెడితే మంచిదంట, మా ఇంట్లోనూ పూస్తుంది గానీ అసలుది పెట్టాలని ఆవిడ కోరిక' అంది. చాలా మర్యాదగా, నమ్మకంగా చెప్పింది. ఆవిడని నేను తప్పుపట్టలేకపోయాను. మన కంటికి పువ్వు కనిపిస్తే దేవుడే గుర్తొస్తాడు, మా అమ్మ కూడా అంతే. ఘాంఘరియా చేరేసరికి ఆ పూలు అంచులు నల్లబడి తడి కాగితంలా అయిపోయాయి. వాటిని ఏం చేయాలో తెలియక ఆవిడ దారి పక్క గోడ మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది.

ఆ కొండల వాళ్లూ బ్రహ్మకమలాన్ని దేవుడికి పెడతారు, కేదార్‌నాథ్‌లో, బదరీనాథ్‌లో, నందాదేవి పండగైన నందాష్టమికి. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం కూడా. అది వాళ్ల ఊరి దేవుడికి వాళ్ల కొండ పువ్వు. భీముడు ద్రౌపది కోసం వెతుక్కుంటూ వెళ్లిన సౌగంధికం ఇదేనని కూడా అక్కడ చెప్పుకుంటారు. కానీ మనం వందల మందిమి అంత దూరం నుంచి వెళ్లి తలా ఒకటి కోస్తే ఏమవుతుంది? మనం వెళ్లేది జులై, ఆగస్టుల్లో, అది అప్పుడే పూసి ఉంటుంది, గింజ ఇంకా ముదరదు. ఇందాక చెప్పిన ఆ మూడు నాలుగు నెలల్లో అది చేసుకున్నదంతా మన కవర్లోకి వచ్చేసినట్టే. వచ్చే ఏడు అక్కడ కొత్త మొక్క మొలవడానికి గింజ ఉండదు. వేళ్లతో పీకితే ఉన్నదీ పోయింది. మన మూలికల అంగళ్లలో అమ్మే అతివస, కటుకరోహిణి, జటామాంసి కూడా ఇలాంటి ఎత్తుల్లోంచి వచ్చేవే, వాటి విషయంలో వాడేది వేళ్లూ దుంపలే, తవ్వి తవ్వి ఇప్పుడు అవి దొరకడమే గగనమైపోయింది.

ఇదేదో దూరపు హిమాలయాల గొడవ అనుకోకండి. 2022లో చిక్కమగళూరు కొండల మీద నీలకురింజి పూసినప్పుడు మేం వెళ్లాం. పన్నెండేళ్లకొకసారి పూసే మొక్క, పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. పన్నెండేళ్లు ఆ ఒక్క పూతకోసమే బతుకుతుంది. ఫొటోలకోసం ఆ కొమ్మలు విరిచి చేతుల్లో పట్టుకున్నవాళ్లని, జడల్లో తురుముకున్న ఆడపిల్లల్ని అక్కడ చూశాను, వాళ్లలో తెలుగులో మాట్లాడుకుంటున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరు నుంచి శని, ఆదివారాలు కొండలెక్కే పిల్లలు వేలల్లో ఉన్నారు. 2024 జనవరిలో కర్ణాటకలోనే కుమారపర్వతం అనే కొండ మీద జనం ఇరుక్కుపోయేంత రద్దీ అయితే ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెకింగులన్నీ అటవీశాఖ కొంతకాలం ఆపేసింది. కొండలెక్కడం మంచిదే, నేనూ ఈ వయసులో ఎక్కుతున్నాను, ఇంకా ఎక్కుతాను. ఆ పిల్లలకి ఏది కోయకూడదో ఎందుకు కోయకూడదో ఎవరో ఒకరు తెలుగులో చెప్పాలి. వాళ్లు వింటారు. మారతహళ్లి పిల్లలు విన్నారు. అందులో ఒకబ్బాయి ఇప్పటికీ నాకు ఏదో ఒక కొండ మీదనుంచి పువ్వు ఫొటో పంపి 'ఇదేం కుటుంబం ఆంటీ?' అని అడుగుతుంటాడు.

కాబట్టి సంపాదకులు గారూ, మిమ్మల్ని కోరేది ఇదే. కుండీలో పూసిన పువ్వు ఫొటో తప్పకుండా వేయండి, దానికి హారతి ఇచ్చినవాళ్ల ఫొటో కూడా వేయండి, వాళ్ల భక్తి వాళ్లది. ఇప్పుడందరూ దాన్ని బ్రహ్మకమలమనే పిలుస్తున్నారు కాబట్టి ఆ పేరూ ఉంచండి. 'హిమాలయాల్లో మాత్రమే పూసే' అన్న మాట మాత్రం తీసేయండి. ఆ మాట వల్లే ఆ కవరు పట్టుకున్న తల్లి అత్తగారికి 'అసలుది' కావాలనిపించింది. దాని బదులు కింద రెండు ముక్కలు రాయండి: ఇది మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క, ఎంతమందికైనా ఒక్కో ఆకు ఇచ్చి పెంచుకోవచ్చు, ఎన్ని పూలు కోసి పూజ చేసుకున్నా దీనికి నష్టం లేదు. అసలుది కొండ మీద ఉంది, దాన్ని వెళ్లి చూసి రండి, తేకండి. వెళ్లేవాళ్లకి జులై మధ్యనుంచి ఆగస్టు చివరిదాకా మంచి సమయం, వానకోటు, చేతికర్ర, మంచి బూట్లు తప్పనిసరి, ఘాంఘరియాలో ఒక రోజు అదనంగా ఉంటే ఊపిరి కుదుటపడుతుంది. ఇవి కూడా వేస్తే ఇంకా మంచిది.

మా బాల్కనీలో ఇప్పుడు నాలుగు మొగ్గలున్నాయి, మెడ వంచి పైకి తిరుగుతున్నాయి, అంటే రేపో ఎల్లుండో రాత్రి విచ్చుకుంటాయి. కింది ఇళ్లవాళ్లని రమ్మన్నాను. ఆ పువ్వు ఫొటో, హేమకుండ్ మెట్ల దగ్గర తీసిన ఫొటో రెండూ మీకు పంపుతాను, పక్కపక్కన వేయండి.

మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ టీచర్,
రామమూర్తి నగర్, బెంగళూరు